నదీతీర మిత్రుడు: ఐజాక్ వాల్టను

గాలము వేసి చేపలు పట్టువాడు ఒంటరివాడనియు, ఎవరితోను పొత్తు లేనివాడనియు లోకులు సాధారణముగా తలంతురు. అయినను నదుల గట్లమీదను, సముద్రములోనికి కట్టబడిన వంతెనలమీదను గాలపు కఱ్ఱలు చేతబట్టి నిలుచువారిని కొంతసేపు గమనించినచో, వారి నడుమ వ్రాయబడని ధర్మశాస్త్రమొకటి నడచుచున్నట్లు తెలియును. ముందు వచ్చినవాని చోటును వెనుక వచ్చినవాడు ఆక్రమింపరాదు. ఒకని దారముమీదుగా మఱియొకడు దారము విసరరాదు. ఎర లేనివానికి తన ఎరలో కొంత ఈయవలెను. పెద్ద చేప పడి పెనుగులాడువానికి ప్రక్కవాడు తన దారము చుట్టుకొని చోటీయవలెను. క్రొత్తగా నేర్చుకొనువానిని చూచి నవ్వరాదు. ఇట్టి మర్యాదకు గ్రంథరూపమిచ్చినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఆంగ్లేయుడైన ఐజాక్ వాల్టను. ఆయన రాజు కాడు, సేనాని కాడు, విశ్వవిద్యాలయమున చదివిన పండితుడును కాడు. అంగడిలో కూర్చుండి వస్త్రములమ్మిన వర్తకుడు. ఆయన వ్రాసిన చిన్న పుస్తకము 370 సంవత్సరములు గడచినను నేటికిని చదువబడుచున్నది. అది ఎట్టి దినములలో పుట్టినదో ఎఱిగినవారికి దాని మాధుర్యము మఱింత తెలియును.

వాల్టను 1593వ సంవత్సరమున ఇంగ్లండు మధ్యభాగమందలి స్టాఫర్డు పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి బాటసారులకు అన్నపానీయములమ్ము సత్రమును నడుపుచు జీవించిన సామాన్యుడు. కుమారునికి నాలుగేండ్లు నిండకమునుపే, 1597లో, తండ్రి మరణించెను. వాల్టను చిన్నతనముననే లండను నగరమునకు పోయి, ఒక వస్త్రవర్తకునియొద్ద పని నేర్చుకొనుటకు కుదిరెను. ఆ కాలమున లండనులో ఏ వృత్తిచేయువారైనను ఏదో యొక వర్తక సంఘమున చేర్చుకొనబడవలసియుండెను. వాల్టను 1618లో ఇనుప వర్తకుల సంఘమున సభ్యుడయ్యెను. కాని అమ్మినది మాత్రము వస్త్రములే. కొంతకాలమునకు ఫ్లీటు వీధిలో ఛాన్సరీ సందు చెంత ఆయనకు సొంత అంగడి ఏర్పడెను.

ఆ వీధిలోనే సెయింట్ డన్‌స్టన్ దేవాలయమున్నది. 1624 మొదలు అక్కడ గురువుగా నుండినవాడు ప్రఖ్యాత కవియు, ప్రసంగీకుడును, సెయింట్ పాల్ ప్రధాన దేవాలయమునకు డీనును అయిన జాన్ డన్. సంఘములోని ఈ వస్త్రవర్తకునికిని ఆ మహాపండితునికిని గాఢమైన స్నేహము కుదిరెను. ఈటను పాఠశాలకు అధిపతియు, మునుపు వెనిసు నగరమున రాజదూతయునైన సర్ హెన్రీ వాటను కూడ వాల్టనునకు మిత్రుడు. వీరిరువురిని కలిపినది ముఖ్యముగా గాలపు కఱ్ఱయే. రాజసభలో వాటను ఎదుట నిలుచుటకైనను అర్హత లేని అంగడివాడు, నదిగట్టున ఆయన ప్రక్కనే గడ్డిమీద కూర్చుండి దారము వేయుచుండెను. నీటియొద్ద హోదాలు పనికిరావు. చేప రాజదూతయొక్క గాలమనియు అంగడివాని గాలమనియు భేదమెంచదు.

1631లో డన్ మరణించిన తరువాత ఆయన జీవితమును వ్రాయవలెనని వాటను సంకల్పించి, దానికి కావలసిన సంగతులను సమకూర్చుమని వాల్టనును కోరెను. కాని 1639లో వాటనే మరణించెను. అంతట ఆ బాధ్యత వాల్టనుమీద పడెను. తాను చదువుకొన్నవాడు కానని సంకోచించుచునే, మిత్రునియెడల ఋణము తీర్చుకొనవలెనను తలంపుతో ఆయన కలము పట్టెను. ఆ జీవితచరిత్ర 1640లో డన్ ప్రసంగముల సంపుటమునకు ముందుభాగముగా వెలువడెను. ఈ విధముగా వాల్టను రచయిత యగుట కీర్తికాంక్షవలన గాక స్నేహధర్మము వలననే జరిగెను. తరువాతి కాలమున వాటను, హూకరు, జార్జి హెర్బర్టు, శాండర్సను అనువారి చరిత్రములను కూడ ఆయన వ్రాసెను.

ఇంతవరకు చదివినవారు వాల్టను జీవితము వేసవి నదివలె నిర్మలముగా ప్రవహించినదని తలంపవచ్చును. అది నిజము కాదు. 1626లో ఆయన రేచెల్ అను నామెను వివాహమాడెను. వారికి ఏడుగురు బిడ్డలు కలిగిరి. ఆ యేడుగురిలో ఒక్కరైనను పెరిగి పెద్దవారు కాలేదు. 1640లో, అనగా డన్ చరిత్ర వెలువడిన ఆ సంవత్సరముననే, రేచెల్ కూడ కన్నుమూసెను. రెండేండ్లకు దేశమంతటను అగ్ని రగిలెను. 1642లో రాజునకును పార్లమెంటునకును నడుమ అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. అన్నదమ్ములు పరస్పరము కత్తులు దూసికొనిరి. వాల్టను రాజపక్షమువాడు. ఆయన మిత్రులైన గురువులనేకులు తమ పదవులనుండి తొలగింపబడిరి. కొందఱు దేశము విడిచి పోయిరి. 1649లో చార్లెస్ రాజు శిరచ్ఛేదము చేయబడెను.

1651లో వూస్టరు యుద్ధమున రాజపక్షము ఓడిపోయిన పిమ్మట, పారిపోవుచున్న రాజకుమారుని రత్నాభరణమొకటి రహస్యముగా చేతులు మారి వాల్టనునకు అప్పగింపబడెను. పట్టుబడినచో ప్రాణహాని. అట్లయినను ఆయన దానిని లండనునకు తీసికొనిపోయి, టవరు కారాగారమందున్న దాని సంరక్షకుడైన కర్నల్ బ్లాగుకు చేర్చెను. ఆయన యుద్ధభూమికి పోలేదు. ఎవరినిబట్టియు చాడీలు చెప్పలేదు. నమ్మి యిచ్చినదానిని నమ్మకముగా చేర్చెను.

ఇట్టి దినములలో, తనకు అఱువది యేండ్లు వచ్చుచుండగా, 1653లో వాల్టను తన ప్రసిద్ధ గ్రంథమును ప్రకటించెను. దాని పేరు ది కంప్లీట్ యాంగ్లరు, అనగా పరిపూర్ణుడైన గాలరి. వెల 18 పెన్నీలు. తాను సంఘసభ్యుడుగా నుండిన సెయింట్ డన్‌స్టన్ దేవాలయపు ఆవరణలోని అంగడిలోనే అది అమ్మబడెను. దేశమంతయు పగతో నిండియున్నప్పుడు ఈ వృద్ధుడు పగనుగూర్చి ఒక్క మాటయు పలుకక, నదిగట్టున మనుష్యులెట్లు కలిసి యుండవచ్చునో వ్రాసెను.

ఆ గ్రంథము సంభాషణ రూపమున నున్నది. 1655 నాటి రెండవ ముద్రణము మొదలు అందు ముగ్గురు ముఖ్య పాత్రలు: గాలరి, వేటగాడు, డేగలతో పక్షులను పట్టువాడు. మే నెల ప్రాతఃకాలమున లండనునకు ఉత్తరమున నున్న టాటెన్‌హాము కొండయొద్ద వారు కలిసికొని దారివెంట నడచుచు మాటలాడుకొందురు. డేగలవాడు ఆకాశమును, వేటగాడు భూమిని, గాలరి జలమును ప్రశంసింతురు. ఒకడు మాటలాడునప్పుడు తక్కినవారు అడ్డురారు. తమ విద్య గొప్పదని చెప్పుటకై ఎదుటివాని విద్యను హేళనచేయరు. గాలరి తన వంతు వచ్చినప్పుడు, ప్రభువు పండ్రెండుమంది శిష్యులలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను అను నలుగురు చేపలు పట్టువారేయని సంతోషముతో జ్ఞాపకము చేయును.

ఇక్కడ మనము గమనింపదగిన మర్యాద యొకటి కలదు. వేటగానిని తన నదియొద్దకు రమ్మని గాలరి వెంటనే బలవంతము చేయలేదు. ముందుగా తానే మరునాడు వేటగానితోకూడ నీటికుక్కల వేటకు పోయి, అతని వినోదములో పాలుపొందెను. ఆ పిమ్మటనే వేటగాడు తనంతట తాను గాలరికి శిష్యుడై లీ నదివెంట కొన్ని దినములు గడపెను. ఎదుటివాని ఇష్టములో ముందు మనము పాలుపొందినగాని మన యిష్టములోనికి అతనిని పిలుచుటకు హక్కు రాదని వాల్టను బోధించు విధమిది.

గురువు తన విద్యలో రహస్యము దాచడు. ఏ చేపకు ఏ ఎర, ఏ నెలలో ఏ లోతు, పురుగులను ఎట్లు సిద్ధపఱచవలెను, పట్టిన చేపను ఎట్లు వండవలెను అను సంగతులన్నియు విప్పి చెప్పును. శిష్యుని దారము తెగి మంచి చేప తప్పిపోయినప్పుడు అతనిని గద్దింపడు. ఇరువురును నవ్వుకొని మరల ప్రయత్నింతురు. శిష్యుడు పట్టిన చేపను చూచి, మొదటి ఫలము బీదవారికి చెందునట్లు చేయుట ఈ విద్యకు మంచి ఆరంభమని గురువు చెప్పును. పొలములో పాలు పిదుకుచున్న తల్లీకూతుళ్ళకు చేప నిచ్చి, వెలగా ఒక పాట మాత్రమే అడుగును. సాయంకాలమున సత్రములో చేరినప్పుడు పట్టిన చేపలను పంచుకొని తిందురు, వంతులవారీగా పాడుదురు. అయితే అక్కడ దేవుని వాక్యమును పరిహాసము చేయు మాటలకును, బూతులకును చోటు లేదు; అట్టి హాస్యమువలన సహవాసము చెడునని గురువు స్పష్టముగా చెప్పును.

నది అందఱిదని వాల్టను ఎఱుగును. అందఱిదగుటవలననే దానిని ఎవరును కాపాడరనియు ఎఱుగును. గ్రుడ్లు పెట్టు కాలమున చేపలను చంపరాదని పూర్వపు రాజులు చట్టములు చేసినను, అమలు జరుపువారు లేక చిన్న పిల్లలతో సహా చేపలు నశించుచున్నవని గాలరిచేత ఆయన దుఃఖపడించెను. ప్రక్కనున్నవానియెడల మాత్రమే గాక, రేపు ఆ గట్టునకు రాబోవువానియెడలను మర్యాద యుండవలెనని దీని భావము.

వాల్టనుయందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. గాలమునకు ప్రాణముతోనున్న కప్పను గ్రుచ్చు విధమును ఆయన నింపాదిగా వర్ణించెను. తరువాతి కాలమున కవి బైరను ఆయనను క్రూరుడని తన కావ్యమందు నిందించుటకు ఇది కారణముండెను. ఎరలేకుండ కృత్రిమమైన ఈగతో చేపలు పట్టు విద్య ఆయనకు అంతగా తెలియదు. ఆ భాగమును థామస్ బార్కరు అను వంటవానినుండి గ్రహించితినని 1653 నాటి ముద్రణములోనే ఒప్పుకొనెను. ఒక వంటవానివలన నేర్చుకొంటినని అచ్చులో చెప్పుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. అయితే 1577లో అచ్చయిన ఆర్ట్ ఆఫ్ యాంగ్లింగు అను వేరొక పుస్తకము 1954లో బయల్పడినప్పుడు, అందును గాలరియు బాటసారియు సంభాషించుచుండుట చూచి పండితులు ఆశ్చర్యపడిరి. వాల్టను దానిని చదివియుండెననియే వారిలో పలువురి యభిప్రాయము. కాని ఆయన దాని పేరెత్తలేదు.

మఱియొక సంగతి ఇంకను ముఖ్యమైనది. రిచర్డు ఫ్రాంకు అను వాడు క్రామ్‌వెల్ సేనలో పనిచేసినవాడు, సాల్మను చేపలు పట్టుటలో గొప్ప నేర్పరి. పైకు అను చేప ఒక నీటిమొక్కనుండి పుట్టునని వాల్టను పూర్వ గ్రంథములనుబట్టి వ్రాసెను. ఇది తప్పు. స్టాఫర్డులో తాము కలిసికొన్నప్పుడు ఈ విషయమై వాల్టనును ప్రశ్నించితిననియు, ఆయన పండితుల పేరు చెప్పి, కోపించి వెడలిపోయెననియు ఫ్రాంకు వ్రాసికొనెను. అతని గ్రంథము వాల్టను మరణానంతరము 1694లో అచ్చయ్యెను గనుక మనము వినునది ఒక పక్షపు వాదమే. అది నిజమైనచో, ఇందు విషయజ్ఞానము ఫ్రాంకుది. మర్యాద తప్పినది ఇద్దఱిది. ఒకే నీటిని ప్రేమించిన యిద్దఱు నేర్పరులు, ఎదురెదురు పక్షములవారగుటచేత, ఒకరినుండి యొకరు నేర్చుకొనలేకపోయిరి. స్నేహమును బోధించినవానికి కూడ స్నేహము అన్నివేళల సులభము కాదని ఈ వృత్తాంతము మనకు చూపుచున్నది. తనను మెచ్చుకొను శిష్యునియెడల ఓర్పు చూపుట యొక యెత్తు. తన తప్పును చూపువానియెడల ఓర్పు చూపుట మఱియొక యెత్తు.

వాల్టను 1647 ప్రాంతమున రెండవ వివాహము చేసికొనెను. ఆమె పేరు ఆను కెన్. ఉదయ సాయంకాల కీర్తనలు రచించి, అనేక సంఘములలో నేటికిని పాడబడు త్రియేక స్తుతిగీతమును అందించిన బిషప్పు థామస్ కెన్‌కు ఆమె సవతి సోదరి. ఈ వివాహమువలన ఒక కుమార్తెయు ఒక కుమారుడును దక్కిరి. 1660లో రాజ్యము మరల స్థిరపడిన తరువాత, మిత్రుడైన జార్జి మార్లే బిషప్పుయొద్ద ఆయన నివసించెను. 1662లో ఆను కూడ మరణించి వూస్టరు ప్రధాన దేవాలయమున సమాధి చేయబడెను.

వృద్ధాప్యమున ఆయనకు దొరికిన మిత్రుడు చార్లెస్ కాటను. ఇతడు వాల్టనుకంటె 37 సంవత్సరములు చిన్నవాడు, కవి, దుబారాచేసి అప్పులపాలైనవాడు. గుణములలో ఇద్దఱికిని పోలిక లేదు. అయినను కాటను ఆ వృద్ధుని తండ్రివలె భావించెను. 1674లో డోవ్ నదియొడ్డున ఒక చిన్న రాతి యిల్లు కట్టించి, దానిమీద తమ యిద్దఱి పేర్ల తొలి అక్షరములను పెనవేసి చెక్కించెను. 1676లో వాల్టను గ్రంథము అయిదవసారి ముద్రింపబడినప్పుడు, కృత్రిమమైన ఈగతో చేపలు పట్టు విద్యనుగూర్చి కాటను రెండవ భాగము వ్రాసి చేర్చెను. వాల్టను బాగుగా నెఱుగని భాగమును చిన్నవాడు పూర్తిచేయగా, పెద్దవాడు సంతోషముతో తన పుస్తకములో దానికి చోటిచ్చెను. ఆ రెండవ భాగములో ఒక బాటసారి కొండదారిలో కనబడును. వాల్టనుయొద్ద నేర్చుకొన్న శిష్యుడతడేయని తెలియగానే, క్రొత్తవాడైనను కాటను పాత్ర అతనిని తన యింటికి తీసికొనిపోయి, భోజనము పెట్టి, తన నదిలో చేపలు పట్టనిచ్చును. ఒకని మర్యాద మఱియొకనికి, అతనినుండి వేరొకనికి ప్రాకుచుండుట ఇందు కనబడును.

1683వ సంవత్సరమున తొంబది యేండ్ల వయస్సున వాల్టను తన మరణశాసనము వ్రాసెను. స్టాఫర్డునకు సమీపమున తనకున్న పొలముయొక్క రాబడినుండి ప్రతి సంవత్సరము బీదవారి కుమారులిద్దఱికి చేతిపని నేర్పింపవలెననియు, ఒక దాసికిగాని బీదవాని కుమార్తెకుగాని వివాహ సమయమున సహాయము చేయవలెననియు, మిగిలినదానితో చలి మిక్కుటముగానుండు వారములలో బీదలకు బొగ్గులు పంచవలెననియు ఆజ్ఞాపించెను. తన మిత్రులనేకులకు వీడ్కోలు గుర్తుగా ఉంగరములు చేయించి యీయుమని కోరెను. ఆ సంవత్సరము డిశంబరు 15వ తేదీన, ఇంగ్లండులో భయంకరమైన మంచు కురిసి నదులు గడ్డకట్టిన ఆ శీతకాలమున, విన్‌చెష్టరు పట్టణములో కుమార్తె యింట ఆయన ప్రాణము విడిచెను. అక్కడి ప్రధాన దేవాలయమున ఆయన సమాధి యున్నది. 1914లో ఇంగ్లండు, అమెరికా దేశముల గాలరులు చందాలు వేసికొని ఆ సమాధిపై చిత్రముల గాజు కిటికీని అమర్చిరి. 1922లో అమెరికాలోని చికాగో నగరమున నదులను చేపలను కాపాడుటకై ఏర్పడిన సంఘము కూడ ఆయన పేరే పెట్టుకొనెను. శాంతముగా నుండుటకు ప్రయాసపడుమని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన హెచ్చరికతో వాల్టను తన పుస్తకమును ముగించెను. బిడ్డలను పాతిపెట్టి, రాజును పోగొట్టుకొని, మిత్రులు చెదరిపోవుట చూచినవాడు వ్రాసిన ముగింపు అది. నెమ్మది ఆయనకు ఊరకనే దొరకలేదు. ఆయన దానిని దినదినము ఎన్నుకొనెను.

విద్యార్థులారా, మీలో గాలము పట్టువారు కొందఱే యుండవచ్చును. అయినను అందఱిదైన చోటు ప్రతివానికిని కలదు: నీళ్ళ కుళాయి, ఆటస్థలము, పుస్తకశాల, రైలుబండిలోని బల్ల. అక్కడ మన ప్రక్కన నిలుచువానిని మనము ఎన్నుకొనలేదు. అతని కులము, అతని పక్షము, అతని భాష మనవి కాకపోవచ్చును. అతనికి కొంచెము చోటిచ్చుట, మనకు తెలిసినది దాచక చెప్పుట, మనకు దొరికినదానిలో మొదటి పాలు లేనివానికిచ్చుట, మన తప్పు చూపినవానిమీద అలిగి వెడలిపోకుండుట – ఇవి చిన్న పనులు. యుద్ధములను గెలిచిన సేనానుల పేర్లనేకములు మఱుగుపడినవి. నదిగట్టున చేపను పంచుకొని తిన్న వస్త్రవర్తకుని పేరు మాత్రము నేటికిని మఱవబడలేదు.